మార్చబడింది

ఆ ఇంట్లో పొద్దున్నే స్టవ్ వెలిగించే ముందు కోడలు చేసే మొదటి పని, అత్తగారి గది తలుపు ఓరగా తీసి, ఆవిడ ఈరోజు ఎన్నేళ్ల మనిషిగా లేచిందో చూడటం. డెబ్భై రెండయితే పంచదార లేని టీ. నలభై లోపయితే రెండు చెంచాల పంచదార. పదేళ్ల లోపయితే పాలు, ఆపైన ఇంట్లో ఎవరో ఒకరికి ఆఫీసు సెలవు.

వారంలో నాలుగైదు రోజులు డెబ్భై రెండే. మిగతా రోజుల సంగతి చెప్పలేం. రాత్రి మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ పడుకున్న మనిషి, పొద్దున పంతొమ్మిదేళ్ల పిల్లయి అద్దం ముందు జడ వేసుకుంటూ కనిపించేది. ఆ వయసు దాకా జరిగినదే ఆవిడకి గుర్తుండేది. తర్వాతిదేదీ తెలియదు. మళ్లీ పడుకుని లేస్తే ఆ రోజు గడిచిన సంగతే ఉండేది కాదు. మామగారు పోయిన ఏడాది మొదలైంది ఇలా. డాక్టరు రెండు మూడు వయసుల్లో బీపీ చూసి, ఏ వయసుకి తగ్గట్టు ఆ వయసులో బాగానే ఉందన్నాడు. దాంతో అందరూ అలవాటు పడిపోయారు. బీరువాలో ఆవిడ బట్టలు పై అర నుంచి కింది అర దాకా వయసు ప్రకారం సర్దుకున్నారు. పాలు పోసే ఆవిడ గుమ్మంలోంచే "ఈపూట ఎంతమ్మా?" అనేది, వానొచ్చేలా ఉందా అని అడిగినట్టు. తొమ్మిదేళ్ల మనవరాలయితే, నాయనమ్మ పదేళ్లదిగా లేచిన రోజు బడికి వెళ్లనని మంచంకోడు పట్టుకుని కూర్చునేది.

ఇబ్బందల్లా కొడుక్కే. తనకన్నా చిన్నదైన తల్లిని అమ్మా అని పిలవడానికి మహా మొహమాటం. ఒకరోజు ఆవిడ ఏడో నెల కడుపుతో లేచింది. వేళ్లు మడిచి చూసుకుంటే ఆ కడుపులో ఉన్నది తనే. తననెవరో రెండుచోట్ల పెట్టినట్టు, ఆ రోజంతా ఎక్కడ కూర్చోవాలో తోచక ఇల్లంతా తిరిగాడు.

పెళ్లికి ముందు వయసులోనో, కోడలు రాకముందు వయసులోనో లేస్తే ఒకటే మాట చెప్పాలని ఇంట్లో అనుకున్నారు. "మేం మీ బంధువులం. వచ్చి నాలుగు రోజులైంది. మీవాళ్లు పనిమీద వెళ్లారు, సాయంత్రానికి వస్తారు." అబద్ధమే. కానీ ఇంట్లో ఎవరూ దాన్ని అబద్ధం అనుకోలేదు. కోడలు చెప్పిన అసలు అబద్ధం వేరే ఉంది. అది ఆఫీసులో చెప్పింది.

ఆమె పనిచేసే కంపెనీ ఆస్పత్రులకీ హోటళ్లకీ బట్టలు ఉతికే యంత్రాలు తయారు చేస్తుంది. పెద్దవి ఒక్కొక్కటి చిన్న గదంత ఉంటాయి. దుప్పట్లని ఆవిరితో ఉడికించి, ఉతికి, పిండి అవతల పడేస్తాయి. వాటిని ఎలా బిగించాలో, ఎలా వాడాలో, పాడైతే ఎలా బాగుచేయాలో చెప్పే మాన్యువల్స్ రాసే విభాగానికి ఆమె పెద్ద. పదకొండేళ్లుగా అదే పని.

ఇప్పుడు మాన్యువల్స్‌ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా కూర్చుని ఎవరూ రాయరు. ముక్కలు ముక్కలుగా రాసి సిస్టమ్‌లో పెడతారు. 'మూత తీసే ముందు చేయవలసినవి' అన్న ముక్క ఒక్కసారి రాస్తే చాలు, ఏయే యంత్రాల పుస్తకాల్లో కావాలో వాటన్నిటిలోకీ అదే వెళ్లి కూర్చుంటుంది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుకుంటుంది. ఈ మార్పు ఫలానా యంత్రానికి మాత్రమే అని గుర్తు పెడితే అక్కడితో ఆగుతుంది. ఇక ప్రతి మాన్యువల్ మొదట్లోనూ ఒక మార్పుల పట్టిక ఉంటుంది. ఎన్నో మార్పు, ఏ తేదీ, ఏం మారింది, ఎవరు మార్చారు. నాలుగు గళ్లు. ఆ పట్టికని ప్రపంచంలో ఎవరూ చదవరని ఆ విభాగంలో అందరికీ తెలుసు.

ఒక్కడు చదివేవాడు. అతను సర్వీసు మెకానిక్కు. అసలు పేరు జీతాల రిజిస్టరులోనే ఉంది. అందరూ పిలిచేది నిదానం అని. యంత్రం ముందు ట్యాబ్ నిలబెట్టుకుని, వాక్యం కింద వేలుపెట్టి, పైకి చదివి, చదివినంత మేరకే చేసి, మళ్లీ తర్వాతి వాక్యం చదివేవాడు. మిగతా మెకానిక్కులు మూడు యంత్రాలు ముగించేలోపు అతను ఒకటి ముగించేవాడు. కాకపోతే అతను చేసింది మళ్లీ చెడి వెనక్కి వచ్చేది కాదు. నెలకి రెండుసార్లయినా కోడలికి ఫోను చేసేవాడు.

"మేడమ్, నిదానాన్ని. నాలుగో మార్పులో నట్టు అన్నారు. లోపల బొమ్మలో బోల్టుంది. ఏది నమ్మమంటారు?"

"బోల్టేనండీ. రేపటికి దిద్దేస్తాను."

"అయితే రేపే చేస్తాను మేడమ్."

ఫోను పెట్టేసి నవ్వుకునేది. తను రాసింది ఒక మనిషి అక్షరం అక్షరం చదువుతున్నాడని లోపల్లోపల గర్వంగా ఉండేది.

చిన్న యంత్రంలో కొత్త మోడల్ వచ్చింది. అందులో ఆవిరి తొందరగా దిగిపోతుంది. మూత తీయడానికి ఇరవై నిమిషాలు ఆగక్కర్లేదు, ఎనిమిది చాలని ఇంజనీర్లు రాసి పంపారు. ఆమె ఆ ముక్క తెరిచి ఇరవైని ఎనిమిది చేసింది. చిన్న యంత్రానికి మాత్రమే అన్న గుర్తు పెట్టడం మరిచిపోయింది. ఎందుకు మరిచిపోయిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా గుర్తు రాలేదు. ఫోనేమీ రాలేదు, ఎవరూ పలకరించలేదు, తలనొప్పి కూడా లేదు. ఊరికే మరిచిపోయింది. పెద్ద యంత్రం మాన్యువల్లోనూ ఇరవై పోయి ఎనిమిది వచ్చి కూర్చుంది. పట్టికలో అది ఏడో మార్పు.

పదకొండు రోజుల తర్వాత ఒక ఆస్పత్రి చాకిరేవు గదిలో నిదానం పెద్ద యంత్రం ఆవిరి కట్టేశాడు. ట్యాబ్‌లో వేలుపెట్టి చదివాడు. వాచీ చూసుకుంటూ ఎనిమిది నిమిషాలు ఆగాడు. మూత తీశాడు. కుడి చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా కాలిపోయింది.

కబురు మధ్యాహ్నం మూడింటికి ఆఫీసుకొచ్చింది. కోడలు ఆ ముక్క తెరిచి చూసింది. చూడగానే తెలిసిపోయింది. ముందు ఎనిమిదిని ఇరవై చేసింది, ఇంకెవరి చెయ్యీ కాలకుండా. అది ఎవరైనా చేసే పనే. ఆ తర్వాత 'ఏం మారింది' అన్న గడి ఖాళీగా కనిపించింది. అందులో 'చిన్న సవరణలు' అని రాసింది. అది ఎనిమిదో మార్పు.

అంతటితో ఆగినా పై వరసలో ఏడోది కనబడుతూనే ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో పట్టిక మూడు పేజీలు సాగుతోందని, యంత్రాలు కొన్నవాళ్లు విసుక్కుంటున్నారని, కాస్త కురచ చేయమని మేనేజరు ఆ వారమే అన్నాడు. దానికి సెట్టింగు ఉంది. అన్నీ చూపు. చివరిది మాత్రమే చూపు. ఏదీ చూపకు. ఆమె మధ్యదాన్ని నొక్కింది. ఏదీ చెరపలేదు కదా, చూపలేదు, అంతే కదా అనుకుంది. సాయంత్రానికల్లా మెకానిక్కుల చేతుల్లోని ట్యాబ్‌లన్నీ కొత్త కాపీని వాటంతటవే తెచ్చుకున్నాయి.

విచారణ పది రోజులకి జరిగింది. బల్లకి అవతల ముగ్గురు పెద్దలు, ఇవతల మేనేజరు, ఆయన పక్కన ఆమె. నిదానం చేతికి తెల్లగా పెద్ద కట్టు ఉంది.

"ఎంతసేపు ఆగావు?"

"ఎనిమిది నిమిషాలండి."

"మాన్యువల్లో ఎంతుంది?"

"ఎనిమిదేనండి."

"చూపించు."

అతను ఎడమచేత్తో ట్యాబ్ తెరిచాడు. అలవాటు లేని చెయ్యి, రెండుసార్లు జారింది. పేజీ వచ్చాక వాక్యం కింద వేలుపెట్టాడు. పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఇరవై. మొదటి పేజీకి వెళ్లాడు. పట్టికలో ఒకే వరస ఉంది. చిన్న సవరణలు. అప్పుడు తలెత్తి ఆమె వైపు చూశాడు.

"మేడమ్, ఏడో మార్పులో ఏమైనా..."

మేనేజరు కూడా ఆమె వైపు తిరిగాడు.

"అలాంటిదేమీ లేదండీ," అంది. మాట చాలా మామూలుగా వచ్చింది. అంత మామూలుగా ఎలా వచ్చిందా అని ఆమే తెల్లబోయింది.

నిదానం ట్యాబ్ వంక ఇంకోసారి చూశాడు. "అయితే నేనే తప్పు చదివుంటానండి," అన్నాడు. బయటికి వెళుతూ ఆమె కుర్చీ దగ్గర ఆగాడు. "మీ పుస్తకానికి చెడ్డపేరు తెచ్చాను మేడమ్. ఏమీ అనుకోకండి."

ఉద్యోగంలోంచి తీసేశారు. మాన్యువల్ పాటించలేదని కాగితంలో రాశారు.

నెల తర్వాత అతను ఆఫీసుకి వచ్చాడు. లోపలికి రానివ్వలేదు. కింద, సందర్శకులు కూర్చునే చోటికి ఆమె దిగి వెళ్లాల్సి వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు.

"ఉద్యోగం గురించి రాలేదు మేడమ్. పాతది, దీనికి ముందుది, ఒక్కసారి చూపిస్తారా? నా కళ్లు చెడ్డాయో, బుర్ర చెడిందో తెలిస్తే చాలు."

"పాతవి ఉండవండీ," అంది.

"ఉండవా?"

"ఉండవు."

పైన ఆమె బల్ల మీద, మూడు నొక్కుల దూరంలో ఉంది పాతది. అతను తలూపి, ఎడమచేత్తో నమస్కారం పెట్టబోయి, ఒక చెయ్యి సరిపోదని తోచి దించేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే మేనేజరు మీటింగులో అందరి ముందూ మొదటి పేజీ ఎత్తి చూపించాడు. ఎంత శుభ్రంగా ఉందో చూడండి, ఇలా ఉండాలి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది, చేతులు ఖాళీగా పెట్టుకుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారని.

ఒకరోజు సాయంత్రం బస్సు దిగి నడుస్తుంటే కళ్లజోళ్ల కొట్లో కనిపించాడు. ఎత్తు కుర్చీలో కూర్చుని ఎదురుగా గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు. పక్కన భార్య పర్సు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. కొట్టతను "చూపు బ్రహ్మాండంగా ఉందండీ, నాకన్నా బాగుంది," అంటున్నాడు. "ఇంకోసారి చూడండి," అంటున్నాడు నిదానం. ఆమె ఆగి ఉన్న వ్యాను చాటుకి తప్పుకుంది. వ్యాను డ్రైవరు దిగి ఏం కావాలమ్మా అని అడిగేదాకా అక్కడే నిలబడింది. మర్నాటి నుంచి ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి ఇంటికి రావడం మొదలుపెట్టింది.

భర్తకి చెప్పలేదు. ఆయన కోప్పడతాడని కాదు. పోనీలే, పొరపాటు ఎవరికి జరగదు అంటాడు. ఆ మాట వినాల్సి వస్తుందనే భయం. డెబ్భై రెండేళ్ల అత్తగారికి అసలే చెప్పలేదు. ఆవిడ ఇరుగుపొరుగుతో "మా కోడలు రాసింది చూసుకునే అంతంత మెషీన్లు నడుపుతారు," అని చెప్పుకుంటుంటే వంటింట్లో కుళాయి గట్టిగా తిప్పేది, వినబడకుండా.

ఇలా నాలుగు నెలలు గడిచాయి.

ఒక శనివారం కోడలు తలుపు ఓరగా తీస్తే, అత్తగారు అప్పటికే లేచి కిటికీ దగ్గర నిలబడి జాకెట్టు చేతుల గుండీలు పెట్టుకుంటోంది. నిటారుగా, నల్లటి జుట్టుతో ఉంది. ముప్ఫై నాలుగు. ఆ వయసులో ఆవిడ రిజిస్ట్రేషన్ ఆఫీసులో టైపిస్టు.

"మీరు...?"

"మీ బంధువులమండీ. వచ్చి నాలుగు రోజులైంది."

"అలాగా! రాత్రి సరిగా పలకరించానో లేదో. మావాడేడీ వదినా?"

ఆ 'మావాడు' ఆ క్షణంలో బూట్లు చేత్తో పట్టుకుని, కూతుర్ని ఈతకి తీసుకెళుతూ వీధి తలుపులోంచి జారుకుంటున్నాడు.

"ఆడుకోవడానికి వెళ్లాడండీ," అంది కోడలు. అత్తగారి చేత వదినా అని పిలిపించుకోవడం ఆమెకి కొత్తేమీ కాదు. ఆ పూట మాత్రం ఎందుకో కళ్లు చెమర్చాయి.

టీ తాగి అత్తగారు అటక కింది బల్ల మీదున్న టైపు మిషను మూత తీసింది. "ఇంత దుమ్మేమిటి, నిన్ననేగా మూత పెట్టాను," అని విసుక్కుంటూ తుడిచింది. సెలవు రోజుల్లో ఆ వీధివాళ్లకి అర్జీలూ దరఖాస్తులూ టైపు చేసిపెట్టడం అప్పట్లో ఆవిడకి అలవాటు. మూడు కాగితాలు, మధ్యలో రెండు కార్బన్లు పెట్టి ఎక్కించింది. గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు.

"కాయితం ఎక్కించి ఊరికే దింపడం నాకు గిట్టదు. మీకేమైనా ఉందా వదినా, కొట్టాల్సింది?"

"ఉంది," అంది కోడలు. అన్నాక గానీ, అన్నానని తెలియలేదు.

"ఎవరికి?"

ఆమె నిదానం అసలు పేరు చెప్పింది. ఇంటి నంబరు, వీధి కూడా చెప్పింది. నాలుగు నెలల్లో రిజిస్టరులో ఎన్నిసార్లు చూసిందో, కళ్లు మూసుకుంటే కనబడుతోంది.

"ఊ. చెప్పండి."

"మీరు అడిగిన పాత కాపీ గురించి. పెద్ద యంత్రం మాన్యువల్ ఏడో మార్పులో, మూత తీసే ముందు ఆగవలసిన సమయం ఇరవై నిమిషాల నుంచి ఎనిమిది నిమిషాలకు మార్చబడింది."

టకటక ఆగింది.

"ఎవరి చేత?"

"అంటే?"

"మార్చబడింది అన్నారు. దానంతటది మారదుగా వదినా. మా ఆఫీసులో ఇలా రాసి తెస్తే కాయితం వెనక్కి కొడతారు. అమ్మబడింది, కొనబడింది అంటే కుదరదు. ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, వాళ్ల నాన్న పేరేమిటి, అన్నీ ఉండాలి."

కోడలు గోడ గడియారం వంక చూసింది. తర్వాత తన చేతుల వంక చూసుకుంది.

"నేనేనండీ. నేను మార్చాను."

"అయితే అలాగే కొడతాను. ముందుదాన్ని చెరపను మరి. చెరపడం మా దగ్గర లేదు. మీద ఒక గీత, కింద అక్షరం చదవడానికి రావాలి, పక్కన మీ పొట్టి సంతకం." మార్చబడింది మీద సన్నగా అడ్డగీత కొట్టి, పక్కన మార్చాను అని కొట్టింది. "తర్వాత?"

తర్వాతదంతా ఒకటే ధారగా వచ్చింది. గుర్తు పెట్టడం మరిచిపోవడం, చిన్న సవరణలు అని రాయడం. పట్టికలో పాత వరసలు కనబడకుండా చేయబడ్డాయి అనబోయి, ఆమే ఆగి, దాచాను అని చెప్పింది. అత్తగారు తలెత్తలేదు. మధ్యమధ్య మాత్రం అడిగింది.

"ఎనిమిదా, ఎనభయ్యా?"

"ఎనిమిది."

"కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?"

"కుడి."

"అతనే మీకు క్షమాపణ చెప్పాడన్నారు. అదీ కొట్టాలా?"

"కొట్టండి."

కాగితాలు దింపి అత్తగారు మూడూ విడదీసింది. కోడలు ఆవిడ మొహం వంక చూసింది, ఏదో ఒకటి అంటుందేమో, అంటే బాగుండును అని.

"నా గురించి ఏమనుకుంటున్నారు?"

"నేను టైపిస్టుని వదినా. రోజుకి నలభై కాయితాలు కొడతాను. ఇంతకన్నా పాడువి చాలా కొట్టాను. చాలామంది మొదటి వాక్యం దగ్గరే, మళ్లీ వస్తామని లేచిపోతారు." కలం అందించింది. "ఇక్కడొకటి. గీత పక్కన ఒకటి. మూడింటి మీదా. ఒకటి ఆయనకి, ఒకటి మీ ఆఫీసుకి, ఒకటి మీ దగ్గర. మా పద్ధతి అదే. ఆఫీసు చిరునామా చెప్పండి."

ఆమె చెప్పింది. సంతకాలు పెట్టింది. కాగితాలు తన దగ్గరే ఉంటాయి కదా, మధ్యాహ్నం చించేయొచ్చు కదా అన్న మాట మనసులో ఒక మూల ఉంది. స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి కింద మొహం పెట్టి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తుడుచుకుని బయటికొచ్చేసరికి బల్ల మీద ఒక్క కాగితమే ఉంది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. మెట్ల మీద చకచకా అడుగులు, ముప్ఫై నాలుగేళ్ల అడుగులు వినబడ్డాయి.

"కవర్లలో పెట్టి పోస్టు డబ్బాలో వేసొచ్చాను," అంది అత్తగారు లోపలికి వస్తూ. "సంతకమయిన కాయితం ఇంట్లో పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. పదకొండింటికి తీస్తారుట, ఇవాళే వెళ్లిపోతాయి."

కోడలు చెప్పులు కూడా చూసుకోకుండా పరిగెత్తింది. వీధి చివర పోస్టు డబ్బా ముందు నిలబడేసరికి పదకొండుకి పది నిమిషాలుంది. ఆ పది నిమిషాలూ డబ్బా మీద చెయ్యి వేసి నిలబడింది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. దారిన పోయేవాళ్లు ఆమె పాదాల వంక చూసి పోతున్నారు. పోస్టుమన్ సైకిలు దిగి, డబ్బా తాళం తీసి, ఉత్తరాలన్నీ సంచిలోకి దులిపాడు. ఆమె కదల్లేదు.

"ఏమైనా కావాలామ్మా?"

"అందులో రెండు నావి."

"వెనక్కి కావాలా? రూలయితే ఒప్పుకోదు. కానీ మీరు మాకు తెలిసినవాళ్లే." ఆయన సంచి మూతి ఆమె వైపు కాస్త వంచాడు. పైనే ఉన్నాయి రెండూ. కవరు మీద టైపు చేసిన చిరునామా కనబడుతోంది. నిదానం అసలు పేరు అంత పెద్ద అక్షరాల్లో చూడటం అదే మొదటిసారి.

"వద్దు," అంది. "వెళ్లేవే."

మర్నాడు అత్తగారు డెబ్భై రెండేళ్ల మనిషై లేచి, వేలికొసల మసి సబ్బుతో రుద్దుకుంటూ "ఇదెక్కడ అంటిందే?" అంది. కోడలు మూడో కాపీ భర్త చేతికిచ్చింది. ఆయన నిలబడే చదివాడు. ఆమె భయపడ్డ మాట అనలేదు. కాగితం మడిచి ఆమె చేతికే ఇచ్చి, వెళ్లి బియ్యం కడిగాడు.

మంగళవారం మేనేజరు పిలిచాడు. ఆయన ముందు ఆమే సిస్టమ్ తెరిచి, అన్నీ చూపు అన్నది నొక్కింది. ఎనిమిది వరసలూ వచ్చి నిలబడ్డాయి. ఆయన ఏడోదాన్ని చదివాడు. అరవలేదు.

"ఆరోజు మీరు నా పక్కనే కూర్చున్నారు కదమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె తల నేలకి వాలిపోయింది.

విచారణ మళ్లీ తెరిచారు. నిదానాన్ని క్షమించమని కోరుతూ కంపెనీ కాగితం పంపింది, ఉద్యోగం తిరిగి ఇచ్చింది, వైద్యం తన మీద వేసుకుంది. అతన్ని చూసి ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్కు కూడా తన పాత కేసు తిరగతోడమన్నాడు. కోడల్ని విభాగం పెద్దగా తీసేశారు. పంపించేయలేదు. నిన్నటిదాకా ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి కింద కూర్చోబెట్టారు. ఆమెకిచ్చిన పని, రెండొందల పన్నెండు మాన్యువల్స్‌లో పట్టికలన్నీ తెరిచి, దాచిన ప్రతి వరసనీ పేరుతో సహా బయటికి తేవడం. 'చిన్న సవరణలు' అని ఉన్నచోటల్లా ఏం సవరించారో వెతికి రాయడం. వెతుకుతుంటే తెలిసింది, ఆ మాట వాడింది తనొక్కతే కాదని. అది తెలిసి మనసు తేలికపడలేదు.

పెద్ద యంత్రం మాన్యువల్లో ఏడో వరస ఇప్పుడిలా ఉంది: ఆగవలసిన సమయం ఇరవై నుంచి ఎనిమిదికి మార్చాను, తప్పు. చివరి గడిలో ఆమె పేరు. ఆ పుస్తకం తెరిచిన ఎవరికైనా ముందు కనబడేది అదే. భోజనాల గదిలోకి ఆమె వెళితే మాటలు ఆగిపోయేవి. ఆమె డబ్బా తీసుకెళ్లి మెట్ల మీద కూర్చుని తినేది.

ఒక ఆదివారం పొద్దున తలుపు తట్టిన చప్పుడయితే వెళ్లి తీసింది. నిదానం. కుడిచెయ్యి చర్మం బిగుసుకుపోయి, గులాబీరంగులో మెరుస్తోంది. ఆమె తప్పుకుని దారిచ్చింది. అతను గుమ్మం దాటలేదు.

"కూర్చోను మేడమ్. ఒక పనుంది." జేబులోంచి కవరు తీశాడు. "ఇది వచ్చిన రోజు మా ఆవిడ చదివి వినిపించింది. నేను చదవలేదు. మందుసీసా మీద రాసింది కూడా తనచేతే చదివించుకుంటున్నాను అప్పట్నుంచీ. రేపు డ్యూటీలో చేరాలి. ఇది మీ ముందే చదవాలని వచ్చాను. తప్పుంటే చెప్పండి."

కాగితం విప్పి గోడకి ఆనించాడు. వాక్యం కింద వేలుపెట్టాడు. పైకి చదవడం మొదలుపెట్టాడు, ఎప్పటిలా, ఒక్కో మాట విడదీసి. లోపల భర్త పేపరు దించాడు. పిల్ల వచ్చి తల్లి వెనక నిలబడింది. అత్తగారు కుర్చీలోంచి చెవి రిక్కించింది. కోడలు రెండు చేతులూ కట్టుకుని, బల్ల ఎక్కించిన పిల్లలా నిలబడింది.

నిదానం వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ మార్చబడింది అని ఉంది మేడమ్. దాని మీద గీతుంది. పక్కన మార్చాను అని ఉంది. ఏది చదవమంటారు?"

"రెండూ చదవండి," అందామె.

రెండూ చదివాడు. చెయ్యి కాలడం చదివాడు. విచారణ గదిలో ఆమె అన్న మాట చదివాడు. తను ఆమెకి క్షమాపణ చెప్పిన చోట గొంతు కాస్త తగ్గింది, అయినా ఆపలేదు. చివర ఆమె పేరు చదివి, కాగితం మీంచి వేలు తీశాడు.

"సరిగ్గా చదివానా?"

"అక్షరం పొల్లు పోలేదు."

అతను తలూపాడు. ఫరవాలేదు అనలేదు, క్షమించాను అనలేదు. కాగితం పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వస్తాను మేడమ్," అని మెట్లు దిగిపోయాడు.

గుమ్మంలో నిలబడి సాగనంపడానికి ఆమెకి మొహం చెల్లలేదు. కిటికీ పక్కకి వెళ్లి, తెర చాటు నుంచి చూసింది. అతను వీధి మలుపులో బస్సు వేళల బోర్డు ముందు ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తి, పై వరస నుంచి కింది వరస దాకా చదువుకున్నాడు. పక్కన నిలబడ్డ ముసలాయన ఏదో అడిగాడు. నిదానం బోర్డు వంక ఇంకోసారి చూడకుండానే జవాబు చెప్పాడు.